సిగ్నల్ని మింగిందెవరు

కట్ట 41వ ఏడు, 118వ రోజు

ఈ పుస్తకం నా సొంతం. ఆఫీసు లాగ్ పుస్తకం వేరే ఉంది. దాన్ని పంపుల గది గోడకి గొలుసుతో కట్టేశారు, దారిన పోయేవాడెవడైనా తిరగేసి చదువుకోవచ్చు. అందుకే అందులో ‘పంపు నడిచింది, తోడు ఉన్నాను, వీరవేణి’ అని మూడు ముక్కలు రాసి సంతకం పెడతాను. మనుషుల సంగతులు రాయాల్సి వస్తే ఇందులో రాస్తాను. రాసి క్యారేజీ అడుగు గిన్నెలో దాస్తాను. ఆ గిన్నె ఎవరూ ముట్టరు, అందులో ఎండుచేపల కూర ఉంటుందని అందరికీ తెలుసు.

ఇవాళ్టి సంగతి ఏమిటంటే, నా కుర్చీని ఎవరో ఒక మెట్టు కిందికి దించారు.

ఎవరో ఏముంది, బుల్లబ్బాయే. ఈ కుర్చీలో కూర్చునేది ఇద్దరమే. పొద్దు పొడిచిన దగ్గర్నుంచి మధ్యాహ్నం దాకా నా వంతు, మధ్యాహ్నం నుంచి పొద్దు గూకేదాకా అతని వంతు. చీకటి పడితే ఎండ పలకల్లో కరెంటు ఉండదు కాబట్టి పంపు ఆపేసి, తూములు మూసేసి అందరం ఇళ్ళకి పోతాం. నాకన్నా జానెడు పొడుగున్న మనిషికి కుర్చీ దించాల్సిన పనేముంది? అదే అడిగాను. తను ముట్టుకోలేదట, స్ప్రింగు పాతదైపోయి అదే దిగుతోందేమోనట. పదిహేడేళ్ళుగా కూర్చుంటున్నాను, నాకు తెలియని స్ప్రింగా అది?

అది మామూలు స్ప్రింగు కూడా కాదు. కుర్చీలో మనిషి బరువు ఉన్నంతసేపే డీబగ్గర్, అంటే పంపు ప్రోగ్రామ్‌కి కాపలా కాసే ఇంకో ప్రోగ్రామ్, దాన్ని పట్టుకుని ఉంటుంది. లేచామా, పట్టు వదిలేస్తుంది, గంట మొదలవుతుంది. మూడు నిమిషాల్లో మళ్ళీ కూర్చోకపోతే కట్ట సూపర్‌వైజరు త్రిమూర్తులు గారికి కబురు వెళ్తుంది. మరుగుకి వెళ్ళాలన్నా పరుగే. ఏ ప్రోగ్రామూ మనిషి తోడు లేకుండా నడవకూడదన్నది మన ఊరి మొదటి చట్టం. ఎందుకు పెట్టారో తెలియాలంటే కట్ట ఎక్కి సముద్రం వైపు చూస్తే చాలు. నీళ్ళలోంచి రెండు సెల్ టవర్ల తలలు కనిపిస్తాయి. అది పాత ఊరు. అక్కడి పంపులకి ఎవరూ తోడు కూర్చోలేదు.

కుర్చీని మళ్ళీ ఒక మెట్టు పైకి లేపుకున్నాను. తెర పక్కన చిన్న అద్దం కూడా మేకుకి తగిలించాను. వెనక ఎవరు నిలబడ్డారో తెలియాలి కదా.

120వ రోజు

ఇవాళ నూకరత్నం ఒళ్ళంతా నీళ్ళు కారుతూ పంపుల గదిలోకి వచ్చి, బొత్తాం రెండుసార్లు నొక్కినా పంపు ఆగలేదని చెప్పింది. మోకాలు దోక్కుపోయి రక్తం వస్తోంది.

నూకరత్నం మా అక్క కూతురు. అక్క పోయాక నేనే పెంచాను. పంపు నోటికి అడ్డంగా ఇనుప కటకటాలు ఉంటాయి, వాటికి గుర్రపుడెక్క చుట్టుకుంటే నీళ్ళు లోపలికి పోవు. మునిగి, కొడవలితో కోసి దాన్ని లాగేయడం ఆమె పని. పంపు నడుస్తూ ఉండగానే కొయ్యాలి, లేకపోతే ఊళ్ళోకి ఊరే నీటిని తోడేదెవరు? లాగుడు మరీ ఎక్కువైనా, చెయ్యో కాలో ఇరుక్కున్నా నొక్కడానికి నడుం పట్టీకి ఒక బొత్తాం ఉంటుంది. నొక్కితే పంపు ప్రోగ్రామ్‌కి సిగ్నల్ వెళ్తుంది, ప్రోగ్రామ్ పంపుని ఆపుతుంది. బొత్తాలు రాకముందు తాడు లాగేవాళ్ళం కాబట్టి ఆ సిగ్నల్ని ఇప్పటికీ మునిగేవాళ్ళ తాడనే అంటారు.

అయితే ఏ సిగ్నలైనా నేరుగా ప్రోగ్రామ్‌కి వెళ్ళదు. మేం కూర్చుని ఉన్నప్పుడు ముందు మా డీబగ్గర్‌కే వస్తుంది, కొత్తకోడలికి వచ్చిన ఉత్తరం ముందు అత్తగారి చేతిలో పడ్డట్టు. ప్రోగ్రామ్‌ని నిలబెట్టాలా, తెర మీద చెప్పాలా, సిగ్నల్ని లోపలికి పంపాలా అని డీబగ్గర్ మూడు చూసుకుంటుంది. పంపితేనే ప్రోగ్రామ్‌కి తెలుస్తుంది. పంపకపోతే అలాంటిదొకటి వచ్చినట్టే దానికి తెలియదు.

ఇవాళ తెర మీద ఏమీ రాలేదు. నేను రెప్ప వెయ్యకుండా చూస్తున్నాను, రాలేదు. బొత్తాం సరిగ్గా నొక్కి ఉండవన్నాను. నేను కుర్చీ ఎక్కకముందు ఆరేళ్ళు అవే కటకటాల దగ్గర దిగినదాన్నని, అప్పుడు బొత్తాలే లేవని కూడా గుర్తు చేశాను. ఆ పిల్ల మోకాలు కడుక్కుని వెళ్ళిపోయింది.

పోయిన వారమే వలల షెడ్డుకి మార్పించమని అడిగింది. ఇది ఆ ఎత్తు కాదు కదా?

123వ రోజు

నెల రోజుల ఎండల తర్వాత ఇవాళంతా మబ్బులు. తెర మీద ఒకటే వాగుడు. ఎండ పలకల మీద మబ్బు పడగానే ఒక సిగ్నల్, మబ్బు తొలగగానే ఇంకో సిగ్నల్. ముప్పై, ముప్పై, ముప్పై అని ముప్పై నంబరు సిగ్నల్ మధ్యాహ్నం లోపల రెండు వందల సార్లు వచ్చింది. పదిహేడేళ్ళుగా మబ్బుల గొడవ నా తెర మీద కనిపించలేదు. కనిపించకుండా నేనే నోరు మూయించాను. ఇప్పుడు మళ్ళీ నోరు లేచిందంటే, ఎవరో నా చీటీని కెలికారన్నమాట.

చీటీ అంటే మా పనిముట్టు. ఏ సిగ్నల్ని ఏం చెయ్యాలో డీబగ్గర్‌కి చెప్పే వరసల పట్టిక. ఎవరి చీటీ వాళ్ళది. కుర్చీలో కూర్చుని వేలు పెడితే నాది తెరుచుకుంటుంది, బుల్లబ్బాయి వేలు పెడితే అతనిది. నా చీటీలో నలభై వరసలు, అన్నీ నంబర్లే. నాకు పని నేర్పిన పెద్దాయన, నంబర్లు నోటికి రానివాడు తోడుకి పనికిరాడనేవాడు. బుల్లబ్బాయి మాత్రం ‘ఎండ పలక మీద మబ్బు’, ‘మునిగేవాళ్ళ తాడు’ అని ప్రతిదానికీ పేరు పెట్టి, బడిపిల్లల కాపీ పుస్తకంలా రాసుకుంటాడు. ఎన్నిసార్లు వెక్కిరించానో. నంబర్లు మర్చిపోతానని భయమండి అంటాడు, నవ్వుతాడు.

అనుమానం తీర్చుకుందామని చీటీ తెరిచి వరస వరసా చూశాను. ‘పది: నిలబెట్టకు, చెప్పకు, పంపకు.’ మబ్బుల వరస అదే. నేను రాసింది రాసినట్టే ఉంది, అక్షరం కూడా మారలేదు. మరి కెలికింది ఎక్కడ? తొంభై ఆరో రోజున పాత బోర్డు కాలిపోయి, పడవ మీద కొత్త బోర్డు వచ్చింది. దాన్ని బిగించినవాడు బుల్లబ్బాయి. దాంతోపాటు నాలుగు మడతల కాగితం ఒకటి వస్తే రెండు పూటలు కూర్చుని చదివినవాడూ అతనే. తర్వాత ఆ కాగితాన్ని నేను బల్ల కాలు కింద పెట్టాను, అప్పట్నుంచి బల్ల ఊగడం లేదు.

బోర్డు లోపల ఏం చేశాడో.

126వ రోజు

నూకరత్నానికి మళ్ళీ అయింది. ఈసారి భుజం. కటకటాలకి వేసి అదిమేసిందట, మూడుసార్లు నొక్కిందట, నా తెర మీద ఒక్కటీ రాలేదు. గొలుసు పట్టుకుని ఎలాగో పైకి వచ్చింది. భుజం నల్లగా కమిలిపోయింది. కొబ్బరినూనె నేనే రాశాను. ఈ పిల్ల అబద్ధం చెప్పడం లేదని నాకప్పుడు గట్టిగా తెలిసింది. ఆ రోజు అన్న మాటకి సిగ్గేసింది కూడా.

నిన్నా మొన్నా దిగినప్పుడు సంగతేమిటని అడిగాను. రెండు రోజులూ బుల్లబ్బాయి వంతులో దిగిందట. నొక్కగానే బండి బ్రేకు వేసినట్టు ఆగిందట.

అతని వంతులో ఆగుతుంది, నా వంతులో ఆగదు. పాడైన బొత్తాం ఎవరి వంతులోనైనా పాడైనదే. నా వంతులోనే జరుగుతోందంటే నా మీద పన్నిందే. నాలుగో పంపు వచ్చే నెల మొదలవుతోంది, దానికి పెద్ద తోడుగా ఇద్దరిలో ఒకరిని వేస్తారు. నా వంతులో పిల్ల ప్రాణం మీదికి వస్తే ఎవరికి లాభం? మధ్యాహ్నం వంతు దిగిపోయేముందు ఏదో మెలిక పెట్టి పోతున్నాడు, అది పొద్దున నా మెడకి చుట్టుకుంటోంది.

127వ రోజు

ఇవాళ అరగంట ముందే వచ్చాడు. అద్దంలో చూస్తూనే ఉన్నాను. చెప్పులు గుమ్మం బయటే విడిచి, నా కుర్చీ వెనక చేతులు కట్టుకుని నిలబడ్డాడు. రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు.

"అక్కగారూ, ఏమీ అనుకోకపోతే మీ చీటీ ఓసారి చూడొచ్చాండి?" అన్నాడు.

పదిహేడేళ్ళలో ఒకరి చీటీ ఒకరు అడగడం నేను వినలేదు. ఎవరైనా పళ్ళు తోముకునే పుల్ల అడుగుతారా? ఎందుకన్నాను. కొత్త బోర్డు కదండి, ఏమైనా తేడాలుంటాయేమోనండి, ఊరికేనండి అని నసిగాడు. నా చీటీ నువ్వు పుట్టకముందు నుంచీ ఉందన్నాను. నిజానికి అతను పుట్టాకే రాశాను, కానీ మాట ఊపులో వచ్చేసింది. తలొంచుకుని గుమ్మంలోకి పోయి నిలబడ్డాడు, వంతు మారేదాకా అక్కడే ఉన్నాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, నేనేమీ అనకముందే అతని మొహం మాడిపోయింది.

ఇంటికి వెళ్ళేముందు చీటీకి రెండో తాళం వేశాను.

128వ రోజు

త్రిమూర్తులు గారికి చెప్పేశాను. కుర్చీ, మబ్బులు, బోర్డు బిగించడం, నా వంతులో రెండుసార్లు పంపు ఆగకపోవడం, చివరికి చీటీ అడగడం, అన్నీ వరసగా చెప్పాను. ఆయన మంచివారు, కానీ నాన్చుతారు. బుల్లబ్బాయి అలాంటి మనిషిలా కనపడడే అన్నారు. కనపడితే ఇంకేముందండి అన్నాను. చివరికి విచారణ అయ్యేదాకా అతన్ని కుర్చీ ఎక్కొద్దన్నారు. రెండు వంతులూ నేనే కూర్చుంటానని మాటిచ్చాను.

బుల్లబ్బాయిని పిలిచి చెప్పారట. నూకరత్నాన్ని నీళ్ళలోకి దింపొద్దని మాత్రం అన్నాడట. చూశారా, ఇంకా బెదిరింపులు.

130వ రోజు

నూకరత్నం దిగనంటోంది.

నిన్నంతా దిగలేదు. ఇవాళ పొద్దున పిలిపించి అడిగితే, బుల్లబ్బాయి గారు వచ్చాక దిగుతానంది. అతని వంతులోనే దిగమని, భుజానికి తగిలిన రోజే అతను చెప్పాడట. నాకు ఒళ్ళు మండిపోయింది. నేను పెంచిన పిల్ల, నేను కుర్చీలో ఉంటే దిగనని, పరాయివాడుంటే దిగుతానని అంటుందా? వాడేం మందు పెట్టాడే నీకు అని కూడా అన్నాను. అనకూడని మాటే. ఆమె కొడవలి గోడకి ఆనించి, భుజం తడుముకుంటూ వెళ్ళిపోయింది.

గుర్రపుడెక్క రెండు రోజుల్లోనే కటకటాలని సగానికి సగం మూసేసింది. పంపు రొప్పుతోంది. పల్లపు వీధిలో నీళ్ళు గడపలు దాటాయి. పొయ్యిలు బల్లల మీదకి ఎక్కించారట. త్రిమూర్తులు గారు రెండుసార్లు వచ్చి తెర వంక, నా వంక చూసిపోయారు.

132వ రోజు, మధ్యాహ్నం

వెంటనే రాస్తున్నాను. ఇప్పుడు రాయకపోతే తర్వాత నాకు అనుకూలంగా రాసుకుంటాను.

పొద్దున పల్లపు వీధిలో మోకాలి లోతు అయింది. త్రిమూర్తులు గారే నూకరత్నాన్ని తీసుకొచ్చారు. నడుముకి మామూలు మోకు కూడా కట్టించి, దాని కొస తనే పట్టుకుంటానన్నారు. ఆ పిల్ల గుమ్మంలో నిలబడి నన్నే చూసింది.

"నువ్వున్నావుగా పిన్నీ. దిగమంటే దిగుతాను," అంది.

నాకు తోడు కూర్చోవడం తెలియదా అని ఉక్రోషం. కుట్ర చేసేవాడు పోయాడు కాబట్టి ఇప్పుడు అంతా సవ్యంగా ఉంటుందని నమ్మకం. దిగమన్నాను.

కాసేపు బాగానే ఉంది. అద్దంలో త్రిమూర్తులు గారి వీపు, మోకు కనిపిస్తున్నాయి. మోకు ఉన్నట్టుండి బిగుసుకుంది. ఆయన రెండు చేతులా పట్టుకుని వెనక్కి వాలారు. మడమలు జారుతున్నాయి. ఆపమని కేక పెట్టారు. నేను తెర చూశాను. తెర మీద ఏమీ లేదు. మోకు కొట్టుకుంటోంది, తెర మాత్రం ఖాళీ.

కుర్చీలో కూర్చుని నేను చెయ్యగలిగింది ప్రోగ్రామ్‌ని నిలబెట్టడం ఒక్కటే. కానీ ప్రోగ్రామ్‌ని నిలబెడితే పంపు నిలబడదు. చెప్పేవాడు లేక, చివర విన్న వేగంతోనే తిరుగుతూ ఉంటుంది. పంపు ఆగాలంటే గది బయట గోడకున్న పెద్ద మీట దించాలి. చట్టం, కుర్చీ, అన్నీ వదిలేసి లేచి పరిగెత్తాను. వెనక గంట మొదలైంది.

నేను మూడు అడుగులు వేశానో లేదో పంపు ఆగింది.

మీట ఇంకా నాకు నాలుగు అడుగుల దూరంలో ఉంది. ఎవరూ ముట్టుకోలేదు. నీళ్ళు ఒక్కసారిగా నెమ్మదించాయి. త్రిమూర్తులు గారు వెనక్కి పడ్డారు. ఇద్దరం కలిసి లాగితే నూకరత్నం పైకి వచ్చింది. కుడిచెయ్యి ఇంకా బొత్తాం నొక్కుతూనే ఉంది. వేళ్ళు విడదీయడానికి నేనే బలవంతం చెయ్యాల్సి వచ్చింది. ఎడంచెయ్యి కటకటాల మధ్య నలిగిపోయింది. దాని సంగతి రాయలేను. త్రిమూర్తులు గారు ఆమెని మోసుకుని డాక్టరు దగ్గరికి పరిగెత్తారు.

మూడు నిమిషాలు కాకముందే వచ్చి కుర్చీలో కూర్చోవాలి, అది చట్టం. వచ్చి కూర్చున్నాను. నూకరత్నం నడుం పట్టీ నా చేతిలోనే ఉంది, నీళ్ళు కారుతూ.

132వ రోజు, సాయంత్రం

పంపుని మళ్ళీ నడిపించి, కూర్చుని బొత్తాం నొక్కాను. పంపు తిరుగుతోంది. లేచి నొక్కాను. ఆగింది.

మళ్ళీ నడిపించి కూర్చున్నాను, నొక్కాను, తిరుగుతోంది. లేచాను, నొక్కాను, ఆగింది. నాలుగుసార్లు చేశాను. నాలుగోసారి కూడా నమ్మబుద్ధి కాలేదు. బుల్లబ్బాయి ఎక్కడైనా దాక్కుని ఇది చేస్తున్నాడేమోనని తలుపు వెనక చూశాను కూడా. నా బుద్ధి ఎలాంటిదో ఈ పుస్తకానికైనా తెలియాలి.

నేను కుర్చీలో ఉంటే నా డీబగ్గర్ పట్టుకుంటుంది. లేస్తే వదిలేస్తుంది. అది పట్టుకున్నప్పుడు సిగ్నల్ లోపలికి పోవడం లేదు, వదిలేసినప్పుడు నేరుగా పోతోంది. పిల్ల నొక్కిన ప్రతి నొక్కూ సరిగ్గానే వచ్చింది. మధ్యలో నేను కూర్చుని ఉన్నాను.

నేల మీద కూర్చుని బల్ల కాలు కింద నుంచి ఆ కాగితం లాగాను. తడికి అంచులు మెత్తబడిపోయాయి. కొత్త బోర్డు వాళ్ళు సిగ్నళ్ళకి పెట్టుకున్న నంబర్లు వేరు, పాత బోర్డు నంబర్లు వేరు. రెండు నిలువు వరసల్లో ముద్రించారు. ‘ఎండ పలక మీద మబ్బు: పాతది పది, కొత్తది ముప్పై. మునిగేవాళ్ళ తాడు: పాతది పదహారు, కొత్తది పది.’

పది: నిలబెట్టకు, చెప్పకు, పంపకు.

మబ్బుల వాగుడు భరించలేక పదిహేడేళ్ళ కింద నేను రాసిన వరస అది. ముప్పయ్యారు రోజులుగా అది నూకరత్నం నోరు నొక్కుతోంది. తెర మీద చెప్పొద్దని కూడా నేనే రాశాను కాబట్టి, నాకు ఏమీ కనిపించలేదు. బుల్లబ్బాయి పేర్లతో రాసుకున్నాడు. ఏ బోర్డుకి ఆ నంబరు డీబగ్గరే వెతుక్కుంటుంది. కాగితం చివర పెద్ద అక్షరాలతో ఇంకో ముక్క కూడా ఉంది: ‘చీటీలో పేర్లు రాసుకున్నవారు ఏమీ మార్చనక్కర్లేదు.’

అతను నా చీటీ చూడనివ్వమని అడిగింది అందుకు. నేను అతని వంతు తీసేయించాను. ఆ పిల్లకి ఉన్న ఒక్క క్షేమమైన పూటా నేనే లాగేసుకున్నాను.

గదిలో ఎవరూ లేరు. ఆ ఒక్క వరస కొట్టేస్తే చాలు, రేపట్నుంచి బొత్తాం పనిచేస్తుంది. తప్పు చేసినవాడు పోయాడు, బొత్తాం బాగుపడింది అని ఊరంతా అనుకుంటుంది. నాలుగో పంపు కుర్చీ నాకు వస్తుంది. ఈ ఆలోచన నాకు వచ్చింది. వచ్చి, చాలాసేపు తేలు కుట్టిన దొంగలా అలాగే కూర్చున్నాను.

పొద్దు గూకే వేళకి త్రిమూర్తులు గారు తిరిగి వచ్చారు. నూకరత్నం బతికింది. ఎడంచేతి రెండు వేళ్ళు తీసేశారు. ఆయన చెప్పడం అయిపోయాక చీటీ తెర మీద తెరిచి, పక్కన కాగితం పెట్టి చూపించాను. ఆయనకి అర్థం కావడానికి పట్టీ ఇచ్చి, కూర్చుని ఒకసారి, లేచి ఒకసారి చూపించాల్సి వచ్చింది. ఆయన పట్టీ బల్ల మీద పెట్టి, కాగితం మళ్ళీ మొదటి నుంచి చదివారు. తిడితే బాగుండేది.

గోడ మీది లాగ్‌లో ఇవాళ మూడు ముక్కలు కాదు, మూడు పేజీలు రాశాను.

141వ రోజు

విచారణ అయింది. అది తేలేదాకా, ఈ తొమ్మిది రోజులూ మా పంపు ఆపేసి, ఊళ్ళో మిగతా పంపుల నుంచి గొట్టాలు వేసి పల్లపు వీధి నీళ్ళు తోడారు. నన్ను తోడు పనిలోంచి తీసేశారు, నాలుగో పంపు మాట ఎవరూ ఎత్తలేదు. ఈ పుస్తకం కూడా అడిగారు, ఇస్తానన్నాను. ఇవాళ్టిది రాశాక గోడ దగ్గర దీనికీ గొలుసు వేస్తారు. క్యారేజీ అడుగు గిన్నెలో ఇకనైనా కూర తెచ్చుకోవచ్చు.

బుల్లబ్బాయి ఇంటికి వెళ్ళాను. ఏం చెప్పాలో దారంతా కూడబలుక్కున్నాను, గుమ్మంలోనే మర్చిపోయాను. తప్పైపోయింది బాబూ అన్నాను. మంచినీళ్ళిచ్చాడు.

"నాదీ తప్పేనండి. మీ వంతులోనే ఆగట్లేదంటే చీటీయేనని అనుమానం వచ్చిందండి. పెద్దవారు, కోప్పడతారేమోనని గట్టిగా చెప్పలేకపోయానండి. మీరెంత తిట్టినా ఆ రోజే చెప్పాల్సిందండి," అన్నాడు.

ఇంత మంచితనం ఎందుకు చూపిస్తున్నాడో, దీని వెనక ఏముందో అని నా మనసు వెంటనే వెతకబోయింది. అలవాటు ఎక్కడికి పోతుంది? గ్లాసులో నీళ్ళు మొత్తం తాగేశాను.

తర్వాత ఇద్దరం కూర్చుని కొత్త చీటీ రాశాం. నలభై వరసలూ పేర్లతో, కాపీ పుస్తకంలాగే. ‘మునిగేవాళ్ళ తాడు: చెప్పు, పంపు’ అన్న వరస నా చేత రాయించాడు. నన్ను మళ్ళీ కూర్చోనివ్వడానికి కాదు. నేను కూర్చున్నా కూడా ఆగుతుందని ఒకసారి చూపించాలన్నారు త్రిమూర్తులు గారు. ఊళ్ళో నా వయసు తోడువాళ్ళు పదకొండు మంది, అందరివీ నంబర్ల చీటీలే. వాళ్ళని కూడా పిలిపించారు. పంపుల గది నిండా జనం, చెప్పులన్నీ గుమ్మం బయట.

నేను కుర్చీలో కూర్చున్నాను. కుర్చీ మళ్ళీ ఒక మెట్టు దిగిపోయి ఉంది. తొమ్మిది రోజులుగా ఆ కుర్చీకి తాళం వేసి ఉంది, ఎవరూ ముట్టలేదు. స్ప్రింగు పాతదే.

బొత్తాం ఎవరు నొక్కాలన్నప్పుడు నూకరత్నం ముందుకు వచ్చింది. ఎడంచెయ్యి గుడ్డ చుట్టి మెడకి వేలాడగట్టి ఉంది. కట్ట అంచున నిలబడి కుడిచేత్తో నొక్కింది. తెర మీద ‘మునిగేవాళ్ళ తాడు, అందింది, పంపాను’ అని పడింది. పంపు చప్పుడు తగ్గి, తగ్గి, ఆగిపోయింది. పెద్దవాళ్ళు తెర దగ్గరికి వంగారు. ఒకాయన మాత్రం తన చీటీలో పది ఏం చేస్తోందో వేళ్ళ మీద లెక్కపెట్టుకోవడం అద్దంలో కనిపించింది.

నూకరత్నం లోపలికి వచ్చి నా పక్కన నిలబడింది.

"ఆగింది పిన్నీ," అంది. తర్వాత మెల్లగా, "ఇంక లెగు," అంది.

లేచాను. గంట మొదలైంది. బుల్లబ్బాయి వచ్చి కూర్చున్నాడు, గంట ఆగింది. నా అద్దాన్ని మేకు నుంచి తీసి నేనే జేబులో వేసుకున్నాను.

ఆ పిల్ల ఇక మునగలేదు, రెండు వేళ్ళు లేని చేత్తో గొలుసు పట్టు నిలవదు. కటకటాలకి తొమ్మిది రోజుల గుర్రపుడెక్క పట్టి ఉంది. దిగడానికి నన్ను వేయమని విచారణలో నేనే అడిగాను. ఈ వయసులోనా అన్నారు, ఆరేళ్ళు దిగినదాన్నన్నాను, ఒప్పుకున్నారు. నూకరత్నం తన నడుం పట్టీ విప్పి నాకిచ్చింది. ఒంటిచేత్తో ముడి వెయ్యలేకపోతే నేనే వేసుకున్నాను.

నీళ్ళలోకి దిగే మెట్టు మీద ఆగి పంపుల గది వైపు చూశాను. బుల్లబ్బాయి వీపు కనిపిస్తోంది, తెర వైపు తిరిగి ఉన్నాడు. వెనక్కి వెళ్ళి, అతని చీటీ ఒకసారి చూపించమని అడగాలనిపించింది. నోటి దాకా వచ్చింది.

అడగలేదు. దిగాను.